కార్డు మెట్టెలు

ఆ రోజుల్లో నా జేబులో ఒక కార్డు ఉండేది. దాని మీద నాకున్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. బళ్లారిలో ఉద్యోగంలో చేరి రెండు జీతాలు అందుకున్నానో లేదో, బ్యాంకువాళ్లు ఫోన్ చేసి మరీ అంటగట్టిన క్రెడిట్ కార్డు అది. ఖర్చు పెట్టినకొద్దీ పాయింట్లు, పాయింట్లకు బహుమతులు, పైగా కొనేది ఈరోజు, కట్టేది వచ్చే నెల. నోట్లిచ్చి కొనేవాళ్లను చూస్తే నాకు జాలి వేసేది. చుట్టాల్లో ఎవరు ఏం కొన్నా వెంటపడేవాణ్ణి, డబ్బు నాకివ్వండి, కార్డు నేను గీకుతానని. (నాకు ‘పాయింట్లప్ప’ అని పేరు పెట్టింది మా అక్క. అది ఆఫీసుదాకా పాకింది.)

ఇంతలో అక్కకే పెళ్లి కుదిరింది. మా వాళ్లలో పెళ్లికూతురి మెట్టెలు మేనమామే తేవాలి, అదీ తన చేతి డబ్బుతో. మా మామ బళ్లారి పక్కన మోక అనే ఊళ్లో మిరప చేలకు కూలికి పోయేవాడు. అక్క మెట్టెల కోసమని దాచిన నోట్లు తువ్వాలు కొసన ముడేసుకొని బళ్లారి వచ్చాడు. వెండి కొట్లో ఆ ముడి విప్పగానే మిరప ఘాటుకు నాకు తుమ్ములే తుమ్ములు. తుమ్ముతూనే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“ఆగు మామా, పాయింట్లు ఊరికే పోతాయి.”

“ఏందప్పా, నా దుడ్డు నేను ఇయ్యగూడదా?”

“ఇయ్యి, నాకియ్యి. రెండూ ఒకటే.”

ఆయన నోట్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నా చేతిలో పెట్టేశాడు. చదువుకున్నవాణ్ణని నా మాటంటే గౌరవం. ఆ నోట్లు సాయంత్రానికి షామియానావాళ్లకు చేరిపోయాయి.

పెళ్లిరోజు పొద్దున, సత్యనారాయణపేట కల్యాణమండపంలో, మెట్టెలు పళ్లెంలో సర్దుతూ అవ్వ (మామకూ మా అమ్మకూ తల్లి) మామూలుగానే అడిగింది, “నీ చేతి దుడ్డేనా రా?” మామకు అబద్ధం చేతకాదు. “దుడ్డు నాదేమ్మా. కార్డు వీడు గీకినాడు.” కార్డు గొప్పతనం చెప్పడానికి ఇంతకంటే మంచి సభ దొరకదని నేను అందుకున్నాను. ఇప్పటికి బ్యాంకు కడుతుంది, మనం వచ్చే నెల కట్టుకోవచ్చు, వడ్డీ కూడా లేదు అని.

“అంటే ఇంకా కట్టనే లేదా? అప్పు మెట్టెలా?” అంది అవ్వ. “బ్యాంకోడు కట్టింటే వాడే వచ్చి పెట్టల్ల. వాడేమన్నా మేనమామనా?”

మండపమంతా నవ్వింది. నేనూ నవ్వాను. మామ మాత్రం నవ్వలేదు. “బిడ్డకు నేను చేసేది ఇదొక్కటే గదప్పా,” అని పళ్లెంలో మెట్టెలు తీసుకొని, చెప్పులేసుకొని వెండి కొట్టు దారి పట్టాడు. వెంట పరిగెత్తాను. దారిలో ఏటీఎం చూపిస్తే “అవీ బ్యాంకోడివే గదా,” అన్నాడు. మెట్టెలు వాపసు తీసుకొమ్మంటే, డబ్బు వారం తర్వాత కార్డుకే పోతుందన్నాడు కొట్టతను. అప్పుడు మామ పక్కకు తిరిగి, పంచె కింద నుంచి వెండి మొలతాడు విప్పి త్రాసులో పెట్టాడు. వాళ్ల నాయన చేయించింది. “దీనికి వేరే జత ఇయ్యప్పా,” అన్నాడు.

ముహూర్తానికి అందుకున్నాం. పంచె నిలిచేది ఆ మొలతాడు మీదే కాబట్టి, మామ ఎడమచేత్తో నడుము పట్టుకొని, కుడిచేత్తో మెట్టెలందించాడు. ఫోటోలన్నిటిలో అలాగే ఉన్నాడు. (తెలియనివాళ్లు దర్పం అనుకుంటారు.) కార్డు జత ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఏడాది తర్వాత నా పాయింట్లకు ఒక తోలు బెల్టు వచ్చింది. సిగ్గుపడుతూ మామకే ఇచ్చాను. ఆయన నవ్వి మేకుకు తగిలించాడు. తర్వాత వెండి మొలతాడు కొనిచ్చినా “ఇప్పుడేంటికప్పా” అని తీసుకోలేదు. ఇప్పటికీ నడుముకు నల్లదారమే. అది కనబడినప్పుడల్లా ఆ రోజు ఆ చెయ్యి పట్టుకోకుండా ఉండాల్సిందని బాధగా ఉంటుంది.

మొన్న అక్క కూతురికి చెవులు కుట్టించారు. ఇప్పుడు మేనమామను నేను, కమ్మలు నేనే తేవాలి. జీతం పడేదే బ్యాంకులో, ఇక నా చేతి డబ్బంటే ఏదో తెలియక, ఏటీఎంలో నోట్లు తీసుకొని మామను వెంటబెట్టుకొని వెళ్లాను.

“కార్డయితే తగ్గింపు ఉండాది సార్,” అన్నాడు కొట్టతను.

“గీకప్పా, పాయింట్లు పోతాయి గదా,” అన్నాడు మామ, నవ్వుతూ.

నోట్లే ఇచ్చాను. ఇచ్చేముందు ఎందుకో ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తుమ్ము రాలేదు.