ఆవు మెడ మీది చెయ్యి

మా నడిమింట్లో గోడకు ఒక ఆవు ఫోటో ఉండేది. ఆ ఆవు మెడ మీద ఒక ఆడమనిషి చెయ్యి ఉంటుంది. నిండుగా గాజులు, మోచెయ్యి వరకు కనబడుతుంది, అంతే. ఆ చెయ్యి మా అమ్మది. మిగిలిన అమ్మను కత్తెరతో కత్తిరించేశారు.

ఆదోనిలో మాది దూది వ్యాపారం చేసే ఇల్లు. యాభైల నాటి మాట ఇది. ఇంటికి ఎవరొచ్చినా మా అవ్వ, అంటే నాయన తల్లి, ముందు ఆవును చూపించేది, ఆ తర్వాతే మంచినీళ్లు ఇచ్చేది. ఆ ఆవును అమ్మ పుట్టింటివాళ్లు పెళ్లిలో ఎమ్మిగనూరు నుంచి అరణంగా తోలిచ్చారు. అది గడప తొక్కిన ఏడాదే వ్యాపారం కలిసొచ్చిందని అవ్వ నమ్మకం. దానితో పాటు అదే గడప తొక్కిన మనిషి వల్ల కలిసొచ్చిందేమోనని మాత్రం ఆమె నోట ఎన్నడూ రాలేదు. వస్తే నోరు పడిపోతుందనుకుందో ఏమో!

ఫోటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని అవ్వ చెప్పేది. అందుకే మా ఇంట్లో ఆడవాళ్లెవరికీ ఫోటోల్లేవు. అమ్మకు పెళ్లిలో కూడా తీయించలేదు. ఆవుకు మాత్రం ఆ పట్టింపు లేదు. "గోవు లక్ష్మి రా. లక్ష్మికి ఆయుస్సు లెక్క ఏముండాది?" అని నాయనతో చెప్పి బజారు నుంచి స్టూడియో ఆయన్ని పిలిపించింది.

ఆయన మూడు కాళ్ల కెమెరా తెచ్చి పెరట్లో నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాడు. ఆ నల్లగుడ్డను చూసి ఆవు బెదిరింది. నాయన పలుపు పట్టుకుంటే ఈడ్చేసింది. జీతగాడు పట్టుకుంటే కొమ్ము విసిరింది. కదిలితే బొమ్మ చెడుతుందని స్టూడియో ఆయన మొత్తుకున్నాడు. చివరికి వేరే దారి లేక వంటింట్లో ఉన్న అమ్మను పిలిచారు. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మెడ మీద చెయ్యి వేసింది. అంతే, ఆవు కట్టేసినట్టు నిలబడిపోయింది. నాకప్పుడు అయిదేళ్లు. పెరటి గడప మీద కూర్చుని అంతా చూశాను. నల్లగుడ్డ గుర్తుంది, ఆవు చెవులు గుర్తున్నాయి. అమ్మ ముఖం గుర్తులేదు. ఎంత పాపిష్టి కళ్లో నావి!

ఫోటో ఇంటికి వచ్చింది. అవ్వ వెలుతురులో పెట్టుకుని చూసి అగ్గి మీద గుగ్గిలమైంది.

"సూడు సూడు! పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతాంది. పరాయి మగోని ముందర! రేపు వచ్చినోళ్లు ఆవును సూస్తారా, దీని పండ్లు సూస్తారా? కత్తిరించెయ్ రా."

"సెయ్యి ఆవు మీదుండాది కదమ్మా," అన్నాడు నాయన. ఆయన అభ్యంతరమల్లా అదొక్కటే.

"సెయ్యి ఉండనీ. గోవు మెడ మీద కత్తెర ఆడిస్తే పాపం."

నాయన దూదిని వేళ్ల మధ్య లాగి చూసి దాని నాణ్యం చెప్పగల మనిషి. ఆ వేళ్లతోనే, ఆవు మెడకు ఎక్కడా తగలకుండా, చాలా పొందికగా కత్తిరించాడు. కత్తెర చప్పుడు నాకిప్పటికీ గుర్తే. వంటింటి తలుపు వెనకనుంచి అమ్మ అడిగింది: "ఆ ముక్క నాకియ్యండత్తా. మా అమ్మకు పంపుకుంటాను."

"పంపితే ఎమ్మిగనూరంతా సూపిస్తాది," అంది అవ్వ. పొయ్యిలో వేద్దామంటే బతికున్న మనిషి బొమ్మను కాల్చకూడదట. మంత్రాలయం వెళ్లినప్పుడు ఆ ముక్కకు పసుపూ కుంకుమా పెట్టి తుంగభద్రలో వదిలి వచ్చింది. ఆచారంలో మా అవ్వను వేలెత్తి చూపడానికి లేదు.

మరుసటి ఏడు అమ్మ పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. చూడవచ్చినవాళ్లందరితో అవ్వ ఒకటే మాట: "ఫోటో తీసినారు కదప్పా, ఆయుస్సు తీరిపోయినాది. నేను ముందే సెప్తి." నేను ఊరుకోలేక అడిగాను. "ఆవు గూడా ఫోటోలో ఉండాది కదవ్వా, అది సావలేదే?" చెంప పగిలింది. ఆవు ఇంకా చాలా ఏళ్లు బతికింది.

పటం కట్టిన ఆ ఫోటోకు అవ్వ ప్రతి శుక్రవారం అద్దం మీద, ఆవు నుదురుకు సరిగ్గా, కుంకుమ పెట్టేది. పక్కనున్న చేతి వైపు చూసేది కాదు. ఎమ్మిగనూరు నుంచి అమ్మమ్మ వచ్చినప్పుడల్లా నేరుగా పటం ముందుకు పోయి నిలబడేది. ఫోటోలో అమ్మ చూపుడువేలు కొస కొంచెం వంకరగా ఉంటుంది. "ఇది ఊయల మీంచి పడినప్పటిది," అని ఆ వేలు మీదే అద్దాన్ని తడిమేది. కూతురి ముఖం ఒక్కసారి చూడాలని ఆమెకు, అసలు ఎట్లా ఉండేదో తెలుసుకోవాలని నాకు. మా ఇద్దరికీ కలిపి దేవుడిచ్చింది ఒక వేలు.

స్టూడియోలో గాజు పలక దాచిపెడతారని, దాన్నుంచి ఎన్ని ఫోటోలైనా తీయవచ్చని ఎమ్మిగనూరులో ఎవరో అమ్మమ్మకు చెప్పారు. అప్పటికి నేను ఎదిగిన పిల్లను. గుడికని చెప్పి ఇద్దరం స్టూడియోకు వెళ్లాం. ఆయనకు ఆవు వెంటనే గుర్తొచ్చింది.

"మరిసిపోతానా? 'కదలొద్దు తల్లీ' అంటి. 'నన్నా, ఆవునా అన్నా?' అని ఆయమ్మ నవ్వినాది. ఆ నవ్వు మీదే తీసినాను. ఎంత బాగ వచ్చినాదో!"

అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆ పలక యాడుండాది నాయనా? ఒక్క ఫోటో తీసియ్యి."

ఆయన తల గోక్కున్నాడు. "ఇంక అక్కర్లేదని ఈ పాప నాయనే సెప్పినాడమ్మా, పటం కట్టించేకి వచ్చినప్పుడు. అక్కర్లేని పలకలు మేం బొమ్మ పోయేట్టు ఉడుకునీళ్లతో కడిగేస్తాం. మంచి గాజు కదా, పటాలకు అద్దంగా వేస్తాం." గోడకున్న పటాల వైపు చూసి, "మీ ఆవు పటానికీ దాన్నే వేసింటాను," అన్నాడు.

అమ్మమ్మ స్టూడియో మెట్ల మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఆమె తడిమిన అద్దం అది. అవ్వ కుంకుమ పెట్టిన అద్దం అది. మా నాయన నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు. అక్కర్లేదని చెప్పడానికి మాత్రం నాలుక ఉంది. ఆ రోజు నుంచి నాయనను నేను నాయనా అని పిలవలేదు. ఆయన ఎందుకని అడగనూ లేదు.

ఎమ్మిగనూరు బస్సు దగ్గర అమ్మమ్మను అడిగాను, "నాలో అమ్మ పోలిక ఏమన్నా ఉండాదా?" అని. నా గడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పి చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పివుంటే ఆమె సొమ్మేం పోయేది! "లేదు తల్లీ," అంది. "నీది ఆ పక్క పోలిక." బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు.

ముసలితనంలో అవ్వ పట్టుచీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, పెద్ద సైజు ఫోటో తీయించుకుంది. ఆయుస్సు సంగతి ఎటుపోయిందో మరి. పోయాక దానికి దండ వేశారు. వాటాలు పంచుకునేటప్పుడు ఆవు ఫోటో ఎవరికీ వద్దన్నారు. నేను తెచ్చుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ముఖం ఉన్న ఫోటో ఇంట్లో ఒకటుంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. లేనివాళ్లకు తెలుస్తుంది దాని విలువ. పొద్దున కిటికీలోంచి వెలుతురు పడినప్పుడు ఆ అద్దంలో, చేతి పక్కన, ఒక ముఖం కనబడుతుంది. అది నాదే. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ నవ్విందన్నట్టు, పళ్లన్నీ కనబడేటట్టు, నేనూ నవ్వి చూశాను.

అద్దంలో అవ్వ నవ్వింది.