జానెడు జరిగిన దిమ్మ

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. నరసాపురంలో మిషను బడికి పంపితే, అక్కడి దొరసానమ్మ గారు అక్షరాలతో పాటు లేసు అల్లడం కూడా నేర్పించారు. తోటి పిల్లలు మూరెడు లేసు అల్లేసరికి నేను బెత్తెడు అల్లి, నాలుగుసార్లు లేచి వాకిట్లోకి వెళ్ళొచ్చేదాన్ని. "కాళ్ళకింద నిప్పులున్నాయా ఏంటమ్మా నీకు?" అని ఆవిడ తెలుగులోనే చీవాట్లు పెట్టేవారు. ఆ మాట ఆవిడకు మా నాన్నే నేర్పి ఉంటాడని నా అనుమానం. ఇంట్లో ఆయనా నన్ను అచ్చం అలాగే తిట్టేవాడు.

మా నాన్న పడవలు కట్టే మేస్త్రి. గోదావరికి ఆనకట్ట వచ్చి కాలువలు తవ్విన తరవాత మా వైపు ధాన్యమంతా పడవల మీదే నడిచేది. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య తిరిగే పడవల్లో సగం ఆయన చేతిమీద పుట్టినవే. మేస్త్రిగారి పడవలో చుక్క నీరు దిగదని పేరు. ఆ పేరు ఉన్నన్నాళ్ళూ మా అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని పని ఒప్పుకోమని బతిమాలుతూనే ఉండేవారు. ఒక వేసవిలో కాలువగట్టున కడుతున్న పడవ మీంచి జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. రెండేళ్ళు మంచం దిగలేదు. అరుగు ఖాళీ అయింది. "మేస్త్రిగారి పని అయిపోయిందండి" అని జనం మా మొహం మీదే అనడం మొదలుపెట్టారు.

మూడో ఏడు కర్ర పట్టుకుని లేచాడు. అప్పటికి నాకు పెళ్ళయింది, మా ఆయన ఇంకొకరి పడవ నడిపే సరంగుగా పనిచేస్తున్నాడు. అల్లుడికి సొంత పడవ కట్టిస్తానని మా నాన్న పూనుకున్నాడు. రోజూ గట్టుదాకా నడవలేడు గనక ఇంటి వెనక కొబ్బరితోటలోనే మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి కాలువ అరకోసు దూరం. ఊరంతా ఒకటే నవ్వు. "పూర్తయ్యాక వరదొచ్చి తీసుకెళ్తుందాండి మేస్త్రిగారూ?" అని అడిగేవారు. "వరద రాకపోతే నువ్వు మోద్దువుగాని లేరా," అనేవాడు ఆయన, కర్ర చెక్కే బాడిస ఆపకుండానే.

ఈ వింత చూడడానికి పాలకొల్లు నుంచి ధాన్యం షావుకారు గారు కూడా వచ్చారు. పడవ చుట్టూ తిరిగారు, బల్లలు తట్టారు, అతుకుల్లో గోరు పెట్టి చూశారు. "నాకు రెండు పడవలు కావాలి మేస్త్రిగారూ. దీన్ని నీళ్ళలోకి దింపే రోజు కబురు చెయ్యండి, వస్తాను. చుక్క దిగకపోతే ఆ రెండూ మీ చేతే కట్టిస్తాను," అన్నారు. ఆయన వెళ్ళాక మా నాన్న చాలాసేపు బాడిసకు పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రెండు పడవలూ వస్తే ఆయన మళ్ళీ మేస్త్రి. రాకపోతే ఇంటిపట్టున కూర్చునే ముసలాడు. అది ఆయనకెంత తెలుసో నాకూ అంత తెలుసు.

పడవ పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి. లాకుల దగ్గర పనిచేసే లస్కరు ఒకరోజు మా ఇంటికొచ్చి, ఆరో రోజున కాలువ కట్టేస్తున్నారని చెప్పిపోయాడు. కాలువ కట్టేశారంటే మళ్ళీ నీళ్ళొదిలేదాకా పడవ ఎండలో పడుండాలి. కొత్త బల్లలు ఎండి అతుకులు విచ్చుకుంటాయి. ఐదో రోజు పొద్దున్నే దింపుతున్నామని షావుకారు గారికి కబురు పంపాం.

పడవను కాలువకు చేర్చడానికి బండి కావాలి. మామూలు బండి చాలదు. రెండు బండ్ల చక్రాలు ఊడదీయించి, ముందొక జత, వెనకొక జత పెట్టి, రెండు ఇరుసుల మీదా పొడుగ్గా రెండు తాటిదూలాలు వేస్తే అది బండి. దుంగల మీద ఎత్తుగా నిలిపి ఉన్న పడవ కిందే దాన్ని కట్టి, చివర్న ఆ దుంగలు తీసెయ్యాలి. పడవ అడుగు గుండ్రం, దూలాలు తిన్నన. రెంటికీ మధ్య పడవ ఒంటికి సరిపోయే దిమ్మలు చెక్కి నిలబెట్టాలి. ఆ పక్క నాలుగు, ఈ పక్క నాలుగు.

ఆ ఎనిమిది దిమ్మలకూ మా నాన్న నాలుగు రోజులు తీసుకున్నాడు. ముందు పడవను వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్ళేవాడు. లోపల పక్కటెముకల్లా వంపుకర్రలు ఉంటాయి, వాటికే బయట బల్లలు కొడతారు. వంపుకర్ర ఉన్నచోట చప్పుడు గట్టిగా వస్తుంది, లేనిచోట బోలుగా వస్తుంది. గట్టిగా వచ్చినచోట సున్నంతో గీత గీసేవాడు. ఆ గీత దగ్గర తాటాకు ఆనించి, పడవ వంపుకు అతుక్కునేదాకా కత్తితో కోసేవాడు. ఆకును దిమ్మ మీద పరిచి బొగ్గుతో గీసుకుని చెక్కేవాడు. చెక్కిన దిమ్మకు తడి ఎర్రమన్ను రాసి పడవకు నొక్కి చూసేవాడు. మన్ను అంతటా సమంగా అంటకపోతే మళ్ళీ చెక్కడం. ఒక్కో దిమ్మకు ఇలా ఏడెనిమిదిసార్లు!

నాకు ఒళ్ళు మండిపోయేది. వంటింట్లోంచి తోటలోకి, తోటలోంచి వీధిలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. "సందుల్లో ఇంత గడ్డి కుక్కితే పోదా నాన్నా?" అన్నాను.

"పడవను నీళ్ళు అన్నివైపులా మోస్తాయమ్మా. బండి మోసేది ఎనిమిది చోట్లే," అన్నాడు. "ఆ ఎనిమిదీ వంపుకర్రల కిందే పడాలి. బల్ల నీళ్ళను ఆపుతుందంతే, బరువు మొయ్యదు."

విన్నాను. ఇప్పుడు ఆ మాట ఆయన గొంతుతో సహా చెప్పగలను. అప్పుడు మాత్రం పొద్దు ఎంతెక్కిందో చూస్తున్నాను.

ఐదో రోజు తెల్లారగానే నాలుగు జతల ఎడ్లు వచ్చాయి. రేవులో వాలు సరిగ్గా తవ్వారో లేదో చూసుకోవాలని మా నాన్న ఇంకో బండెక్కి ముందుగా వెళ్ళాడు. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు. "చక్రాలు బిగించి ఊరుకోండి. నేనొచ్చి చూసేదాకా పడవ కింద దుంగలు తియ్యకు," అని నాకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

చక్రాలు బిగిస్తుంటే చిక్కొచ్చింది. దూలాన్ని వెనక ఇరుసుకు కట్టే మోకు ఎడమవైపు మూడో దిమ్మ ఉన్నచోటే చుట్టాలి. "జానెడు ఇటు జరిపితే చాలండి," అన్నాడు ఎడ్లవాళ్ళలో పెద్దాయన, "మేస్త్రిగారొచ్చేదాకా ఆగుదామంటారా?" పొద్దెక్కుతోంది. షావుకారు గారు ఈపాటికి బయల్దేరి ఉంటారు. వచ్చి, చూసి, విసుగొచ్చి వెళ్ళిపోతే? "జరపండి," అన్నాను.

జరిపాం. ఒకచోటికి చెక్కిన దిమ్మ ఇంకోచోట కూర్చోదు. పై అంచు ఒక్కటే పడవకు తగిలింది, కింద నా చెయ్యి పట్టేంత సందు. ఆ సందులో గడ్డి కుక్కాను. సున్నం గీత జానెడు అవతల తెల్లగా కనబడుతుంటే దాని మీదా ఇంత గడ్డి కప్పి తాడు చుట్టించాను. ఆ తరవాత దుంగలు తీయించాను. పడవ బరువంతా దిమ్మల మీదికి దిగింది. ఏమీ కాలేదు. చూశావా, అనుకున్నాను.

దారిలో పొలాలకు నీళ్ళు పారే ఒక పంటబోదె దాటాలి. వెనక చక్రం అందులో దిగి లేచినప్పుడు "టక్"మంది. పెద్ద చప్పుడేం కాదు. "ఏంటండి అది?" అని పెద్దాయన వెనక్కి తిరిగాడు. "నీ ఎడ్ల నడుములు, ఇంకేంటి! తోలు ముందు," అని కసిరాను. ఆ మూడో దిమ్మ వైపు మాత్రం చూడలేదు.

రేవు దగ్గర మా నాన్న ఎదురొచ్చాడు. "నన్ను పిలవలేదేమే?" అన్నాడు. "అంతా నువ్వు చెప్పినట్టే ఉంది నాన్నా," అన్నాను. ఆయన వంగి చూడబోయేంతలో షావుకారు గారి పడవ వచ్చి ఆగింది. ఇక చూడలేదు.

ఎడ్లను మళ్ళించి, బండిని వెనకనుంచి నీళ్ళలోకి తోశారు. నీళ్ళు చక్రాలను మింగాయి, దూలాలను మింగాయి, పడవ దిమ్మల మీంచి మెల్లగా లేచి తేలింది. రేవులో జనం ఈలలు వేశారు. మా నాన్న కర్ర మీద వాలి నిలబడి నవ్వాడు. పడిపోయిన తరవాత ఆయన అలా నవ్వగా చూడడం అదే మొదలు.

"మావయ్యా, నీళ్ళొస్తున్నాయి!" అని పడవలోంచి మా ఆయన అరిచాడు.

మా నాన్న కర్ర అక్కడే వదిలేసి మోకాలితో కుంటుతూ నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. పడవ అడుగున చెయ్యి పెట్టి తడుముకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళ మధ్య రెండు గడ్డిపరకలున్నాయి, పగిలిన బల్ల సందులో ఇరుక్కున్నవి. వాటిని ఒకసారి చూసి గుప్పిట మూసేశాడు. నావైపు చూడలేదు.

"ఏంటి మేస్త్రిగారూ?" అన్నారు షావుకారు గారు గట్టుమీంచి.

"ఒక బల్ల పాతది వేశానండి. చీలిక ఉన్నట్టు కనిపెట్టలేకపోయాను. నా పొరపాటే."

షావుకారు గారు మంచివారు. "వయసు మీద పడింది గదండి, ఇంక విశ్రాంతి తీసుకోండి," అని మాత్రం అని పడవెక్కారు. వెనకాల ఎవరో మెల్లగా, "చెప్పలేదూ, అయిపోయిందని," అన్నారు. మా నాన్న ఆ మాట విన్నాడు.

దిమ్మ జరిపింది నేనండి, అంటే సరిపోయేది. మూడు మాటలు. షావుకారు గారి పడవ మలుపు తిరిగేదాకా వ్యవధి ఉంది. నాకు నోరు రాలేదు. మా ఆయన ముందు, ఎడ్లవాళ్ళ ముందు, అంతమంది జనం ముందు సిగ్గేసింది. పుట్టాక ప్రతిదానికీ తొందరపడినదాన్ని ఆ ఒక్కదానికీ ఆగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం పుడుతుంది.

మధ్యాహ్నానికల్లా మా నాన్న పడవను ఒడ్డుకు ఒరిగించి, చీలికలో దూదీ గుగ్గిలమూ కూరి, పైన బద్ద కొట్టాడు. సాయంత్రం మా ఆయన దాన్ని నరసాపురం తీసుకెళ్ళి గోదావరిలో కట్టాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు తిరిగింది. ఎన్నడూ చుక్క దిగలేదు.

మా నాన్నకు ఇంకో పడవ రాలేదు. చేతులు ఊరుకోవు గదా, పీటలు చేశాడు, రోకళ్ళు చేశాడు, మిగిలిన ఆ దిమ్మలతో గరిటెలు చెక్కాడు. మా ఇంట్లో ఉన్నన్ని గరిటెలు పెళ్ళివారింట కూడా ఉండవు. గడ్డిపరకల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన గరిటె చెక్కుతున్న చప్పుడు వినలేక నేను ఇంట్లోంచి బయటికీ బయటినుంచి ఇంట్లోకీ తిరిగేదాన్ని.

ఏడాది అలా తిరిగి, ఒక పొద్దున పాలకొల్లు పడవెక్కాను. షావుకారు గారి కొట్టులో నిలబడి మొదలునుంచి చివరిదాకా చెప్పాను. మోకు, జానెడు, గడ్డి, బోదె దగ్గర చప్పుడు, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నారు. మంచినీళ్ళు ఇప్పించారు. చివరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"కూతురంటే నీలా ఉండాలమ్మా," అన్నారు. "తండ్రి పరువు కోసం తప్పు నీ నెత్తిన వేసుకోవడానికి ఇంతదూరం వచ్చావు. మేస్త్రిగారు ఆ రోజు తన పొరపాటేనని తన నోటితో చెప్పకపోతే నేనూ నమ్మేవాణ్ణే."

ఇంటికొచ్చేసరికి మా నాన్న అరుగు మీద గరిటె చెక్కుతున్నాడు. "ఎక్కడికెళ్ళావే పొద్దున్నే?" అన్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన పొట్టు ఊదుకుని, గరిటె వంపు వేలితో తడిమి చూసుకున్నాడు.

"ఆ రోజు రేవులో చెప్పుంటే నమ్మేవాడమ్మా," అన్నాడు.

ఈ సంగతి మీద ఆయన నన్నన్నది ఆ ఒక్క మాటే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మేస్త్రి ఆఖరి పడవ కారిందని మా కాలువ మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడితే నేను ఎక్కడున్నా లేచి, తప్పు ఆ పడవది కాదు, దిమ్మ జరిపింది నేను అని చెబుతాను. అందరూ ఓపిగ్గా వింటారు. విని, మంచి కూతురంటారు.