ఉత్తగనే నిలబడ్డ గోడ

పోయిన మంగళవారం పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల లేపితే లేవలే" అంది పెద్దమ్మ చెల్లెలు. పోయినామె నాకు చుట్టం కాదు. జనగామలో మేము కొనుక్కున్న ఇల్లు అంతకుముందు ఆమెది. పరిచయమైన రోజు నుంచీ నేను పెద్దమ్మ అనే పిలిచాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, ఏం చేయాలో తెలియక పొయ్యి ముందు ఊరికే నిలబడ్డాను.

అరవై ఏళ్ల కిందట కట్టిన ఇల్లది. బజారులో రెండు ఇళ్ల మధ్య ఇరుక్కున్న మేడ. వీధి వైపు గుండ్రంగా తిరిగిన బాల్కనీ, మెట్ల పక్కన సిమెంటు జాలీ, హాలంతా నల్ల తెల్ల రాతి ముక్కల మొజాయిక్ గచ్చు. భర్త పోయాక అంత ఇల్లు తనకెందుకని పెద్దమ్మ మాకు అమ్మేసి చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయింది. తాళాలు ఇచ్చే రోజు కన్నీళ్లు పెట్టుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె నన్ను నేరుగా స్నానాల గదికి తీసుకెళ్లి నల్లా చూపించింది. "గిటు తిప్పితే ఊడి చేతికొస్తది. అటే తిప్పు" అంది. అప్పగింతలు అంతటితో అయిపోయాయి.

మా ఆయనకు భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగం. ఆదివారాలు తప్ప ఇంటి పనంతా నా మీదే పడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన డిజైనర్ అమ్మాయి ఇల్లంతా తిరిగి చూసి, హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేయాలని, మొజాయిక్ మీద కొత్త టైల్స్ పరవాలని చెప్పింది. గోడ తీస్తే ఇంటికి వెలుతురు వస్తుందని నాకూ తెలుసు. కానీ పెద్దమ్మ అప్పుడప్పుడూ ఫోన్ చేసి "పని ఎందాక వచ్చింది బిడ్డా?" అని అడిగినప్పుడల్లా "రంగులు ఏపిస్తున్నం పెద్దమ్మా" అని అబద్ధం చెప్పేదాన్ని. ఆమె కాపురం చేసిన ఇంటిని పగలగొట్టిస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

సరిగ్గా గోడ కూల్చే రోజే ఆమె చెప్పకుండా రైలు దిగి వచ్చింది. చేతిలో మామిడికాయ తొక్కు సీసా. మేమంతా చాచా అని పిలిచే ముసలి మేస్త్రి సుత్తె ఎత్తినవాడల్లా ఆమెను చూసి ఆగిపోయాడు.

"రంగులు సుత్తెతోని ఏస్తున్నరా?" అంది పెద్దమ్మ.

"తప్పయింది పెద్దమ్మా. నీకు బాధయితదని చెప్పలే."

ఆమె వెళ్లి గోడకు అరచేయి ఆనించింది. "బాధనా? గీ గోడ తీసేపియ్యమని మా సారును ఎన్నిసార్లు అడిగిన్నో. మేడ నెత్తిమీద పడ్తదే అనేటోడు."

చాచా సుత్తెతో పైకి చూపించాడు. "బరువంత గా బీము మీదున్నదమ్మా. గోడ మీద ఏం లేదు. అడ్డం ఉండాలని కట్టిన్రు, అంతే."

పెద్దమ్మ తల ఎత్తి బీమును చాలాసేపు చూసింది. "అంటే గిన్నేండ్లు ఉత్తగనే నిలబడ్డదా?"

ఆమే చెప్పుకొచ్చింది. "అవుతల అందరు కూసోని నవ్వేటోళ్లు. నేను గిక్కడ రొట్టెలు కొట్టుకుంట ఇనేదాన్ని. ఎందుకు నవ్విన్రో అడుగుదామని చాయ్ పట్టుకపోయేసరికి ముచ్చట ఒడిసేది. మళ్ల చెప్పుమంటే ఎవ్వరు చెప్పకపోయేది." గొంతులో కోపం లేదు. కొంగు నడుముకు దోపుకుని చాచా ముందు చేయి చాచింది. "జర గా సుత్తె ఇయ్యిండ్రి."

"చేతులు నొస్తయమ్మా" అన్నాడు చాచా.

"రొట్టెలు కొట్టిన చేతులే ఇవి."

మూడు దెబ్బలు వేసింది. సున్నం పెచ్చు ఒకటి ఊడిపడింది. నెరిసిన జుట్టు నిండా దుమ్ముతో, దగ్గుతూనే నవ్వింది. ఆమె మనసు నొప్పించకూడదని ఇన్నాళ్లూ దాచాను గానీ, ఆమె మనసులో ఏముందో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం గచ్చు మీదే కూర్చుని అన్నం తింటూ టైల్స్ సంగతి కూడా చెప్పేశాను. ఈసారి ఆమె ముఖం చిన్నబోయింది. వద్దనలేదు. "నీ ఇల్లు, నీ ఇష్టం" అని రెండు ముద్దలు తిన్నాక, మెల్లగా అంది. "గోడ ఎవలో కట్టిన్రు. గీ నల్లరాళ్లు నేనేరిన బిడ్డా. పెండ్లయి వచ్చిన కొత్తల, కూలీలతోని కూసోని."

ఆ సాయంత్రమే డిజైనర్‌కు ఫోన్ చేసి టైల్స్ వద్దన్నాను. గచ్చుకు పాలిష్ పట్టించాం. మిషను తిరిగిన చోటల్లా నల్ల ముక్కలు ఇప్పుడే కడిగిన రాళ్లలా తేలాయి.

పనంతా అయ్యాక ఒక ఆదివారం ఆమెను భోజనానికి పిలిచాం. కొత్త ఫాల్స్ సీలింగ్ ఆమెకు నచ్చలేదు. "గిన్ని లైట్లెందుకు, పెండ్లి పందిరా?" అని మొహం మీదే అనేసింది. కూర్చోమంటే కూర్చోలేదు, రొట్టెలు తనే చేస్తానని పొయ్యి దగ్గర నిలబడింది. ఎదురుగా హాల్లో సోఫా మీద మా ఆయన తన స్నేహితుడి ముచ్చట ఒకటి మొదలుపెట్టాడు. అసలు నవ్వొచ్చే చోటు ఇంకా రానేలేదు, ఆమె అందరికంటే ముందే నవ్వింది. పెనం మీది రొట్టె మాడుతున్న వాసన వచ్చి నేను లేచాను.

"మాడితే మాడనియ్యి. నువ్వు చెప్పు కొడుకా" అంది.

నేను ఆమెను చూడడం ఆ రోజే ఆఖరు. ఆ సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి రైలెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇల్లు చేరాక ఫోన్ చేయమని చెబుతుండగానే ఎదుటి సీటులో కూర్చున్న ఒకామె "ఎక్కడిదాంక అవ్వా?" అని పలకరించింది. ఇక పెద్దమ్మ అటు తిరిగిపోయింది. గాలిలో రెండు చేతులతో గీసి చూపిస్తోంది. పొయ్యి ఎక్కడో, మనుషులు కూర్చునేది ఎక్కడో. అరచేతిని ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబెట్టి, చటుక్కున తీసేసింది. ఇద్దరూ నవ్వారు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద నేను చేయి ఊపుతూనే ఉన్నాను. పెద్దమ్మ నా వైపు చూడడమే మరిచిపోయింది.