లచ్చి చేపిన సాయంత్రం

తెలివితక్కువ పని చేసింది నేనే కనుక ముందు దాన్నే చెబుతాను. 2009 చలికాలంలో ఉప్పల్ ప్రాంతంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. ఎవరికి అసిస్టెంటో రిటైరయ్యే దాకా తెలియలేదు. ఒక యువ ఆర్టిస్టు వచ్చి, నాచారంలో మూతబడిన ఫ్యాక్టరీ షెడ్డులో పది రోజుల ప్రదర్శన పెడుతున్నానన్నాడు. బొమ్మలుండవు, ఒక బర్రె ఉంటుంది. ఎదురుగా ఒక కుర్చీ. మనం దాన్ని చూడడం కాదు, అది మనల్ని చూడడమే కళ అన్నాడు. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి.

బర్రె లాలాపేట్ యాదమ్మది, పేరు లచ్చి. ఈని రెండు నెలలు. జ్వరం లేదు. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కడుపు కదలికలు లెక్కపెట్టాను, బాగున్నాయి. పాలెవరు పిండుతారు, దూడ ఎక్కడుంటుంది అని మాత్రం అడగలేదు. "మీ పేరు కేటలాగులో వేస్తా డాక్టర్ గారూ" అన్నాడతను. ఆ మాటకు నేనే నెమరేయడం మొదలుపెట్టి, సంతకం పెట్టేశాను.

మొదటి రోజు వెళ్లాను. తెల్లటి గోడలు, తెల్లటి వెలుతురు, మధ్యన నల్లగా లచ్చి. నెమరు చప్పుడును మైకులో పట్టి వదులుతుంటే రేకుల మీద సన్నగా వాన పడుతున్నట్టుంది. కుర్చీలో కూర్చున్నాను. దాని కంట్లో బట్టతలతో సహా నేను, చిన్నగా. ఇన్నేళ్లూ పశువుల నోళ్లు, పొదుగులు చూశాను గానీ వాటి కళ్లలో నేనెలా ఉంటానో చూసుకోలేదు. కళ సంగతి తెలియదు, కలలా మాత్రం ఉంది.

మూడో రోజు యాదమ్మ దవాఖానాకు వచ్చింది. "లచ్చి చేపుతలేదు సారూ. బాగుందని రాసిచ్చింది నువ్వే గదా."

చేపడమంటే పొదుగులోని పాలను చన్నుల్లోకి వదలడం. అది బర్రె ఇష్టం. తెలిసిన చెయ్యి, దూడ మూతి తగలాలి. ఆమెతో షెడ్డుకు వెళ్లి చూస్తే పొదుగు రాయిలా ఉంది. ఇంకో రెండు రోజులైతే పొదుగువాపు, ఈ ఈతకు పాలు పోయినట్టే. ఆర్టిస్టు దూడను వెనక కట్టేసి, పిండడానికి కొత్త మనిషిని పెట్టాడు. పాలు దిగే ఇంజెక్షన్ ఇవ్వమన్నాడు. అది ఆపదకే గాని అలవాటుకు కాదన్నాను.

యాదమ్మ అతనితో నెమ్మదిగానే అంది: "గింత తెల్లగ జేసి, దినాం కొత్తోళ్లను ముంగట కూసోబెడితివి. నువ్వైతే చేపుతవా బిడ్డా?"

దీపాలు తగ్గించి దూడను విప్పమన్నాను, లేదంటే సర్టిఫికెట్ రద్దు చేస్తానన్నాను. దూడ వచ్చి పొదుగును కుమ్మింది. యాదమ్మ గొంతుక్కూర్చుని, "దా లచ్చీ, నేనే" అంది. చూడవచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. కాసేపటికి బకెట్లో తొలి ధార పడింది. మైకు ఆపలేదెవరూ. షెడ్డంతా పాలచప్పుడే.

మిగిలిన రోజులు యాదమ్మ, దూడ అక్కడే ఉన్నారు. పొదుగు కింద నేల పొడిగా ఉండాలి కనుక పూటపూటా పేడ ఎత్తే పని ఆర్టిస్టుకు రాసిచ్చాను. ఎత్తాడు, పాపం.

తర్వాత కేటలాగు వచ్చింది. ఆ సాయంత్రపు ఫోటో కింద, "సామగ్రి: బర్రె, దూడ, వెలుతురు, స్త్రీ, పశువైద్యుడు."

ఆ కేసు నుంచి పశువును ముట్టుకునే ముందు, రోజూ దాన్ని ముట్టుకునేదెవరని అడగడం నేర్చుకున్నాను.

కొన్నాళ్లకు ఆర్టిస్టు తన ఫైలు కోసం కేసు షీటు నకలు అడిగాడు. 'చికిత్సకు వాడిన సామగ్రి' అన్న గడి ఖాళీగా ఉంది. నింపి, ముద్ర వేసి ఇచ్చాను: "యాదమ్మ, ఆమె దూడ, ఆర్టిస్టు ఒకటి (పేడ ఎత్తుటకు)."