బాపు పక్కటెముకలు, నా చేతులు

నా చిన్నప్పుడు మా బాపు ఇల్లందు బొగ్గుబాయిలో పైకప్పు చూసే పని చేసేవాడు. చూడటమంటే నిజానికి వినడమే. పొడుగాటి ఇనుప కడ్డీతో పైనున్న బండను తట్టి, గట్టిగా మోగితే మనుషుల్ని లోపలికి పంపేవాడు, బోలుగా మోగితే ఆపేవాడు. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. కుండైనా, గుమ్మడికాయైనా తట్టి వినందే తెచ్చేవాడు కాదు.

అంత చెవి ఉన్నవాడి మీద ఒకరోజు పక్కగోడ నుంచి బొగ్గు పెళ్ళ విరిగిపడింది. కుడివైపు పక్కటెముకలు విరిగాయి. పెద్ద దవాఖానాకు పొమ్మని అందరూ చెప్పినా వినకుండా ఇంటికి వచ్చేశాడు. బండలకు భయపడనివాడికి డాక్టర్ల కోతంటే మహా భయం. కాలు విరిగితే కట్టు కడతాం, ఎముక ఎక్కడైనా ఎముకే కదా అనుకుంది మా నాయనమ్మ. పాత చీర మడిచి ఆయన ఛాతీ చుట్టూ చుట్టింది. ఒక కొస తను పట్టుకుని, రెండోది నాకిచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాపు మీదున్న ప్రేమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాను.

మర్నాటికి బాపు పెదాలు నల్లబడ్డాయి. దగ్గు వస్తే నొప్పికి మింగేసేవాడు, మాట మధ్యలోనే ఆగిపోయేది. మా చిన్నాయన జీపు మాట్లాడి ఖమ్మం తీసుకెళ్ళాడు. ఏడ్చి ఏడ్చి నేనూ ఎక్కాను.

ఛాతీని ఇట్లా బిగిస్తే ఊపిరి ఎట్లా ఆడుతుందంటూ అక్కడి డాక్టరు ముందుగా ఆ చీరకట్టును కత్తిరించి పడేశాడు. లోపల గాలీ రక్తమూ చేరి ఊపిరితిత్తిని నొక్కుతున్నాయని, పక్కటెముకల మధ్య కోసి గొట్టం వేయాలని చెప్పాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. డాక్టరు వాదించలేదు. ఏం పని చేస్తావని అడిగాడు. విన్నాక బాపు ఛాతీ మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద తట్టాడు. ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు.

"నీ చెవికి ఎట్లుంది?" అని అడిగాడు.

బాపు కళ్ళు మూసుకుని ఇంకోసారి తట్టమన్నాడు. "కుడిదిక్కు బోలుగున్నది సారు."

"బాయిల గట్ల మోగితే ఏం జేస్తవ్?"

"ఎవ్వల్నీ పోనియ్య. కప్పు కింద దుంగలు నిలబెట్టిస్త."

బాపు సంతకం కాగితం కోసం తనే చెయ్యి చాపాడు.

గొట్టం వేశారు. దాని గుండా లోపలి గాలి వచ్చి మంచం కింద సీసాలోని నీళ్ళలో బుడగలు వస్తుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం. రెండు రోజుల తర్వాత, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒక చోటు పైకి లేవక లోపలికే పోతోందని, ఆపరేషన్ చేసి విరిగిన ఎముకలను తీగతో కలిపారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. దగ్గి కఫం బయటికి తేకపోతే ఊపిరితిత్తి మళ్ళీ ముడుచుకుపోతుందట. బాపు దగ్గనంటే దగ్గనన్నాడు. నేను బాపు మీద చెయ్యి వేయడమే మానేశాను. డాక్టరు అది గమనించి నన్ను పిలిచి ఎందుకని అడిగాడు.

"ఆ చీర నేనే గట్టిగ లాగిన" అని చెప్పి ఏడ్చేశాను.

ఆయన పోనీలే అనలేదు. ఒక దిండు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "చేతుల్ల బలమున్నది గద. మీ బాపు దగ్గేటప్పుడు గిది ఛాతికి ఆనిచ్చి గట్టిగ పట్టుకో. దగ్గినంక జల్దీ వదిలెయ్యి. ఆయన ఊపిరి తీసుకోవాలె."

దిండు ఆనించి పట్టుకున్నాను. బాపు నా ముఖం చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని దగ్గాడు. నొప్పికి ఆయన కళ్ళలోనూ, భయానికి నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. వెంటనే వదిలేశాను. బాపు నిండుగా ఊపిరి తీసుకున్నాడు. కుడివైపు కూడా పైకి లేచింది.

ఆయన మళ్ళీ బాయికి పోయాడు, చాలా ఏళ్ళు బతికాడు. ఇప్పుడు నా కూతురు ఏదైనా బాధతో వచ్చి కూర్చుంటే దగ్గరికి తీసుకుని గట్టిగా పట్టుకుంటాను. పట్టుకోవడం నాకెవరూ నేర్పలేదు. వదలడమే ఆ మంచం పక్కన నేర్చుకున్నాను. ఇన్నేళ్ళయినా, చేతులకు ప్రతిసారీ గుర్తు చేయాల్సి వస్తోంది.