కత్తెర తగలని తల

దువ్వెన బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, చెవి మీద దువ్వెన లేకుండా ఆయన్ని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. ముప్పై ఏళ్లుగా సెలూన్ నడుపుతున్నాడు. కొట్టు ఆస్తి రెండు కుర్చీలు, రెండు అద్దాలు, గుమ్మం పక్కన ఒక మిరప మొక్క. ఆయన ప్రాణం ఆ మూడోదాని మీదే.

దానికి మూలకారణం భార్య. ఆరేళ్ల కిందట మాటా మాటా వచ్చి, "పొద్దున లేస్తే జనం పెంచుకున్నది కొయ్యడమే నీ పని. నీ చేత్తో ఒక్కటంటే ఒక్కటి పెంచావా?" అనేసింది. బాబాయి వంటింట్లోంచి నాలుగు ఎండుమిరప గింజలు పట్టుకుపోయి కుండీలో వేశాడు. మూడు మొలవలేదు. మొలిచిన ఒక్కటీ నడుమెత్తు పెరిగి గొడుగులా విచ్చుకుంది. ఆ కొట్టులో కత్తెర తగలని తల అదొక్కటే. ఎండిన రెమ్మనైనా చేత్తో తుంచేవాడే తప్ప ఇనుము సోకనిచ్చేవాడు కాదు.

ఇంతలో కొట్టు అద్దెకిచ్చి మేడమీద ఉండే ఇంటావిడ మెట్లకు తెల్లరాయి పరిపించింది. నీళ్లు పోసినప్పుడల్లా కుండీలోంచి బురద కారి, ఆ తెల్లరాయి మీద దేశపటాలు గీసేది. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజున ఆవిడ కిందికి దిగింది.

"మొక్క మీద నాకేం కోపం లేదు బాబాయ్. మట్టి మీదే. ఆదివారానికల్లా మట్టి కనపడకూడదు. కనపడిందా, కుండీతో సహా రోడ్డు మీదే."

"మట్టి లేకుండా మొక్కెలా బతుకుతుందమ్మా?"

"నన్నడిగితే? నేను మెట్ల మనిషిని."

జవాబు పక్క కొట్టులో దొరికింది. అక్కడ రంగు చేపలు అమ్మే ఆవిడని వీధంతా చేపలక్క అంటుంది. చేపతొట్ల సామానుతోనే పెరట్లో బకెట్ల నీళ్లలో టొమాటోలు పండిస్తున్న ఘనురాలు. మూత ఉన్న నల్ల బకెట్టు, మూత కంతలో కూర్చునే చిల్లుల బుట్ట, మొక్క ఒరగకుండా గులకరాళ్లు, నీళ్లలోకి గాలి ఊదే చిన్న మోటారు, ఎరువు ద్రావణం సీసా, అన్నీ ఇచ్చి మరీ హితబోధ చేసింది.

"వేళ్లకి మట్టి రేణువు మిగలకూడదు బాబాయ్, కుళ్లుతుంది. మొదటి వారం ఎరువు సగమే. ఎండలో పెట్టకు."

"కడగడం, దువ్వడం నాకు నేర్పుతున్నావా అమ్మాయ్?"

శనివారం ఉదయం శస్త్రచికిత్స మొదలైంది. అప్పటికి కుర్చీలో లెక్కల మాస్టారు ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉన్నారు. బాబాయి మొక్కను కుండీలోంచి పెకలించి, టబ్బులో నానబెట్టి, స్ప్రే సీసాతో తడుపుతూ వెడల్పు పళ్ల దువ్వెనతో వేళ్ల చిక్కు తీయసాగాడు. పెళ్లికూతురికి కూడా అంత ఓపికగా ఎవరూ తల దువ్వి ఉండరు.

"ఏమోయ్, నాకు రెండో చెంప కూడా ఉంది."

"ఒక్క నిమిషం మాస్టారూ, అయిపోయింది."

నిజంగానే అయిపోయింది. తెల్లగా, మట్టి జాడ లేకుండా వేళ్లు వేలాడుతున్నాయి. కానీ కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ముప్పై ఏళ్ల అలవాటు మనిషిని అడిగి కదలదు. కత్తెర ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఎప్పుడు నాలుగు వైపులా సమంగా కత్తిరించిందో ఆయనకే తెలియదు. పైనున్న కొమ్మలని కంటికి రెప్పలా కాచిన మనిషికి, కింద పెరిగేది కూడా ఆ తలదేనన్న సంగతి తట్టలేదు. మొక్కని బకెట్టు బుట్టలో కూర్చోబెట్టి, వెనక్కి జరిగి చూసుకుని తృప్తిగా తలూపాడు. అప్పటికి మాస్టారి చెంప మీద నురగ అట్టకట్టింది.

ఆదివారం ఇంటావిడ తనిఖీకి వచ్చి, "చక్కగా ఉన్నాయి" అంది. మెట్ల గురించి.

సోమవారానికి ఆకులు వాలాయి. మంగళవారానికి పూత రాలింది. ఆకలేస్తోందేమోనని బాబాయి ఎరువు రెట్టింపు చేశాడు. బుధవారానికి ఆకుల అంచులు మాడాయి. "చూడగా చూడగా, నీ చేతికి చిక్కని నా రెండో చెంపే పెట్టి పుట్టిందనిపిస్తోందోయ్" అన్నారు మాస్టారు. బాబాయి నవ్వలేదు. చేపలక్కని పిలుచుకొచ్చాడు.

ఆవిడ మూత ఎత్తింది. "వేళ్లెవరు కోశారు?"

"కొయ్యలేదు. లెవెల్ చేశా."

"బాగుంది! నీళ్లు తాగే నోళ్లు సగం తెగ్గోసి, పైన అంత సంసారాన్ని అలాగే ఉంచితే పోషించేదెవరు? ముందు ఈ ఎరువు నీళ్లు పారబోసి మంచినీళ్లు పొయ్యి. పైనా సగం కత్తిరించు. లేకపోతే శనివారానికి కట్టెపుల్లే."

భోజనం క్యారియర్ పట్టుకుని భార్య వచ్చేసరికి బాబాయి కత్తెరతో మొక్క ముందు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించో. సంగతంతా విని ఆవిడ క్యారియర్ కింద పెట్టింది.

"జుట్టు పల్చబడ్డవాళ్లందరికీ 'తీస్తే ఒత్తుగా వస్తుంది' అని చెబుతావుగా?"

"అది బేరం కోసం చెప్పే మాటే."

"అయితే ఇవాళ ఒక్కరోజు నమ్ము."

బాబాయి బకెట్టు చుట్టూ తెల్లగుడ్డ కప్పాడు. అదీ అలవాటే. తర్వాత ఒక్కొక్క కొమ్మా కణుపు చూసి, ఆగి ఆగి తీశాడు. ఆ రోజు కోసిన కొమ్మలు కత్తిరించిన జుట్టు పక్కన చెత్తడబ్బాలోకి వెళ్లలేదు. భార్య ఒడిలో వేసుకుని పట్టుకుపోయింది.

పదకొండో రోజు మోడు కణుపుల్లో పచ్చగా చిగుళ్లు కనిపించాయి. భార్యాభర్తలిద్దరూ కలిసి మూత ఎత్తారు. కత్తిరించిన అంచుల నుంచి కొత్త వేళ్లు, పాలలా తెల్లగా, ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు, ఇష్టం వచ్చినట్టు దిగాయి.

"ఎగుడుదిగుడుగా ఉన్నాయే," అన్నాడు బాబాయి. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

జేబు ఖాళీ. కత్తెర భార్య చేతిలో ఉంది.

"నువ్వు పెంచినవి," అంది ఆవిడ. "వాటిని అలాగే ఉండనీ."