సీటు రెండంగుళాలు కిందికి

కొత్తపేటలో ఆడపిల్లల హైస్కూలుకి ఎదురుగా, కాలవ గట్టు మీద రేకుల షెడ్డు ఏసుదాసుది. ముప్పై ఏళ్లుగా అక్కడే సైకిళ్లు బాగుచేస్తున్నాడు. పనిమంతుడే గానీ ఆరా ఎక్కువ. పంక్చరు వేసేలోపు మీ ఇంట్లో ఏం కూర వండారో, మీ మావయ్య ఎందుకు అలిగాడో మీ చేతే చెప్పించేస్తాడు. చెప్పించి ఊరుకోడు. తర్వాత వచ్చినవాళ్లకి గాలి కొడుతూ ఆ కబురూ అందించేస్తాడు. దానికి ఊళ్లోవాళ్లు కలుపుగోలుతనం అని పేరు పెట్టారు. నిజానికి అది దురద.

జూన్‌లో బడి తెరిచారంటే ఆయనకి చేతినిండా పని. సెలవుల్లో పొడుగైపోయిన పిల్లలు సీట్లు ఎత్తించుకోవడానికి వరస కడతారు. ఏసుదాసు బోల్టు వదులుచేసి, సీటు పైకి లాగి, కొత్త ఎత్తు దగ్గర రాడ్డు మీద మేకుతో గీత గీస్తాడు. నిరుటి గీత పక్కన దాన్ని చూసి, "అంగుళమున్నర లాగేశావే! ఏం పెట్టిందే మీ అమ్మ?" అంటాడు. ఏ పిల్ల ఎంత ఎదిగిందో ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

ఈ ఏడు మొదటిరోజు వరసలో నాలుగో పిల్ల మమత. పదో తరగతిలోకి వచ్చింది. నిరుటి చుడీదారు ప్యాంటు చీలమండలు దాటి పైకి పోయింది.

"తాతగారండీ, సీటు రెండంగుళాలు దించండి."

"ఎత్తాలా?"

"దించాలండి."

ఏసుదాసు స్పానరు కింద పెట్టేశాడు. "ఏం, సెలవుల్లో కుంగిపోయావా?"

వెనకాల పిల్లలు కిసుక్కుమన్నారు. మమత నవ్వలేదు.

"ఎవరు తొక్కుతారేంటి? మీ పింకీయా?" పింకీ మమత చెల్లెలు. ఈ ఏడే ఆరులో చేరింది.

"మీకెందుకండీ, దించండి."

"దీనికి పెళ్లి కుదిరిందేమోనండి తాతగారూ!" అంది వెనకనుంచి స్టెల్లా.

ఆ కోతిమాటకి గసరాల్సింది పోయి, "నిజమేనేంటే?" అనడిగాడు ఏసుదాసు. మమత మొహం ఎర్రబడిపోయింది.

ఆయన భయం ఆయనకుంది. రెండేళ్ల కిందట ఇలాగే ఒక పిల్ల దించమంటే, అడక్కుండా దించేశాడు. వారం తిరిగేసరికి ఆ సైకిలు మీద చెల్లెలు బడికి వస్తోంది, అక్క రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. ఆ బోల్టు తన చేత్తోనే బిగించానని ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ పిల్ల కూడా మానేస్తుందా? తెలియకుండా స్పానరు పట్టదలుచుకోలేదు.

"బోల్టు తుప్పుపట్టేసింది. కిరసనాయిలు పోసి నానబెట్టాలి. రేపు రా."

"రేపు ఏడింటికే వెళ్లాలండి!"

"ఎవరు?"

మమత పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంది. గంట కొట్టారు. సైకిలు అక్కడే వదిలేసి గేట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజంతా ఏసుదాసు ఆ సైకిలు చుట్టూనే తిరిగాడు. పింకీ పొద్దున్న తన ముందునుంచే నడిచి వెళ్లింది. దానికి కాళ్లందాలంటే నాలుగంగుళాలు దించాలి. రెండే ఎందుకు? మమత కన్నా రెండంగుళాలు పొట్టి ఎవరు?

సాయంత్రం బడి వదలకముందే ఆ రెండంగుళాల పొట్టి మనిషి నడుచుకుంటూ వచ్చింది. మమత వాళ్లమ్మ సూర్యావతి.

"బాబాయిగారూ, సైకిలయిందాండి?"

"ఇది నీకా?"

"ఆయ్. బళ్లో ఆయా పనికి రమ్మన్నారండి, రేపట్నుంచి. పిల్లలు రాకముందే బాత్రూములు కడగాలంట. సెలవుల్లో మమతే నేర్పింది తొక్కడం. రెండుసార్లు కాలవలో పడబోయేను."

"అయితే అది చదువు మానట్లేదుగా?"

"మానడమేంటండీ, పదో తరగతి! పొద్దున్న నేను తొక్కుకొస్తాను, సాయంత్రం అది తొక్కుకెళ్తుంది. సీటు కిందికుంటే మోకాళ్లు మడుచుకుని తొక్కుతానంది." గొంతు తగ్గించింది. "నలుగురిలో అడిగేరంటగా, మధ్యాహ్నం అన్నానికొచ్చి చెప్పింది. నాకేం నామోషీ లేదండి. దానికే, ఎగతాళి చేస్తారని. రేపోమాపో అందరూ నన్ను చూడరా ఏంటి? కానీ అది తనంతట తను చెప్పుకోవాలి కదండీ. మీరు మాత్రం ఆ మాట కదపకండి."

ఏసుదాసు తలొంచుకుని షెడ్డు వెనక్కి వెళ్లాడు. ఇనప సామాను గుట్టలో విరిగిపోయిన గేరు సైకిలు ఒకటుంది. దాని సీటు కింద మీట ఊడబీకి తెచ్చి మమత సైకిలుకి బిగించాడు. రాడ్డు మీద రెండు గీతలు గీశాడు. ఏటేటా కొలిచిన కన్ను, మమతని సీటెక్కించి చూడనక్కర్లేకపోయింది.

"స్పానరు అక్కర్లేదు. మీట లాగు, దించు, నొక్కు. అంతే. మోకాళ్లు మడిచి తొక్కితే పిల్ల నడుము పోదూ?"

మర్నాడు ఏడింటికి సూర్యావతి వంకర్లు తిరుగుతూ, బెల్లు కొట్టుకుంటూ వచ్చి గేట్లోకి దూరింది. సాయంత్రం మమత సైకిలు బయటికి నడిపించుకొచ్చి, షెడ్డు ముందే ఆపి మీట లాగింది. స్టెల్లా, ఇంకో ముగ్గురు చుట్టూ మూగారు.

"ఏంటండీ తాతగారూ అది? ఎందుకు పెట్టేరు?"

ఏసుదాసు ఎవరిదో ట్యూబులోకి గాలి కొడుతున్నాడు. "ఏమో. నాకేం తెలుసు?"

ముప్పై ఏళ్లలో ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు లేరు. స్టెల్లా నోరు తెరిచింది. మమత ఆయన వంక ఒక్క క్షణం చూసి, సీటు పైగీత దాకా లేపి మీట నొక్కింది.

"పై గీత నాది. కింద గీత మా అమ్మది."

"మీ అమ్మ తొక్కుతుందా? ఎక్కడికి?"

మమత వెంటనే చెప్పలేదు. వినాలని ఏసుదాసు ప్రాణం లాగేస్తోంది. అయినా తలెత్తలేదు, పంపు ఆపలేదు. టైరు ఎప్పుడో రాయిలా గట్టిపడిపోయింది.

"మన బడికే," అంది మమత.

అప్పుడు ఆపాడు పంపు.